పూత మందు కూడా మందే

(మన సొసైటీ వార్షిక సమావేశమునందు స్త్రీల ఆరోగ్యముపై చేసిన ప్రసంగ పాఠము)



మేము వృత్తిరీత్యా ఉర్దూ మీడియం బడిలో ఉపాధ్యాయులము. మా తెలుగులో తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించగలరు. ఏటా ఈ వేదిక మీద మాకు ఇచ్చే అంశం పిల్లల చదువు. ఈసారి కార్యదర్శి గారు అడిగినప్పుడు, "చదువు సంగతి వచ్చే ఏడు చూద్దాం. ఈ ఏడు ఆడవాళ్ళ హార్మోన్ల గురించి, వాటికి వాడే పూత మందుల గురించి మాట్లాడుతాము" అన్నాము. ఆయన కాసేపు మా ముఖం చూసి, "మాస్టారూ, అది మగవాళ్ళు సభలో మాట్లాడే విషయమేనా?" అన్నారు. మగవాళ్ళు మాట్లాడలేదు కాబట్టే మా ఇంట్లో ఒక నష్టం జరిగింది అని జవాబు చెప్పినాము. ఆయన మరి అడ్డు చెప్పలేదు. వారికి కృతజ్ఞతలు.

మేము డాక్టర్లము కాము. ఇప్పుడు చెప్పబోయే వైద్య విషయాలు డాక్టరమ్మల వద్ద అడిగి తెలుసుకున్నవి, పుస్తకాలలో చదివినవి. ఇది విని ఎవరూ నేరుగా మందుల షాపుకు పోవద్దు, డాక్టరు దగ్గరకు పోండి అని ముందుగానే మనవి చేయుచున్నాము.

మొదట మా ఇంటి సంగతి చెప్తాము. మా పెద్దాపా అనుమతితోనే చెప్పుచున్నాము. "నా పేరు చెప్పొద్దు భయ్యా, సంగతి మాత్రం చెప్పు" అన్నది.

2012లో ఆపాకు 36 ఏండ్లు. ముగ్గురు పిల్లలు. దూల్హాభాయ్ కువైట్‌లో డ్రైవరు పని. ఆపాకు నెలనెలా బహిష్టు సమయంలో రక్తం జాస్తిగా పోయేది, తెల్లబట్ట కూడా ఉండేది. మేమే ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకొని పోయినాము. స్కానింగు తీసి, "గర్భసంచి చెడిపోయింది, అట్లే వదిలేస్తే ముందు ముందు క్యాన్సర్ కావచ్చు. పిల్లలు పుట్టేసినారు కదా, ఇంక అదెందుకు? తీసేస్తే పీడ పోతుంది" అన్నారు. క్యాన్సర్ అనే మాట వినగానే మా కాళ్ళు వణికినాయి. ఇంకో డాక్టరుకు చూపిద్దామన్న ఆలోచన రాలేదు. దూల్హాభాయ్‌కి ఫోను చేస్తే, "నువ్వు చదువుకున్నోడివి, నువ్వెట్ల చెప్తే అట్ల" అన్నాడు. ఇంగ్లీషులో అచ్చు వేసిన నాలుగు పేజీల కాగితం ఇచ్చినారు. ఎక్కడ సంతకం చేయాలో నర్సమ్మ వేలు పెట్టి చూపించింది. మేము చదవకుండా సంతకం చేసినాము. బడిలో పిల్లలకు "చదవనిదే సంతకం చేయకూడదు" అని పాఠం చెప్పే మనుషులము, అక్క కడుపు కోయడానికి మాత్రం చదవకుండా సంతకం చేసినాము.

ఆపరేషన్ బాగానే జరిగింది. రక్తం పోవడం ఆగింది. అందరం సంతోషించినాము. రెండు మూడు నెలలకే వేరే బాధలు మొదలైనాయి. కూర్చున్న మనిషి ఉన్నట్టుండి చెమటతో తడిసిపోయేది. మెడ నుండి తల దాకా ఆవిర్లు. రాత్రి నిద్ర లేదు. ఊరికే కోపం, ఊరికే ఏడుపు. ఇంట్లో కొందరు నజర్ తగిలింది అన్నారు, తావీజు కట్టించినారు. మూత్రంలో మంట రెండు నెలలకొకసారి వచ్చేది, షాపులో అడిగి మాత్రలు తెచ్చి మింగేది. దూల్హాభాయ్ సెలవు మీద వచ్చినప్పుడు భార్యాభర్తల మధ్య ఏదో దూరం వచ్చిందని మాకు కనబడేది కాని, అడగడానికి మాకు నోరు రాలేదు, చెప్పడానికి ఆపాకు నోరు రాలేదు. పెళ్ళిళ్ళకు పోవడం మానేసింది. ఇట్లా తొమ్మిదేండ్లు గడిచినాయి.

2021లో ఆపా నీళ్ళ కొళాయి దగ్గర జారి, చెయ్యి ఆనించి పడింది. మామూలు పడటమే. మణికట్టు ఎముక విరిగింది. కట్టు కట్టిన ఎముకల డాక్టరు గారు, "ఈ వయసుకు ఇంత చిన్న దెబ్బకు విరగకూడదే, బహిష్టు ఎప్పుడు నిలిచింది?" అని అడిగి, ప్రభుత్వ ఆసుపత్రిలోని లేడీ డాక్టరు వద్దకు పంపినారు. ఆ డాక్టరమ్మ పాత కాగితాలు తెమ్మన్నారు. బీరువాలో నుండి తీసుకొని పోయి ఇచ్చినాము. ఆమె చదివి, "గర్భసంచితో పాటు రెండు అండాశయాలు కూడా తీసేసినారు. మీకు తెలీదా?" అన్నారు. ఆ కాగితం తొమ్మిదేండ్లు మా బీరువాలోనే ఉన్నది. మాకు తెలీదు. ఆపాకు తెలీదు.

ఆ రోజు డాక్టరమ్మ మాకు చెప్పినది, తరువాత మేము తెలుసుకున్నది, ఇప్పుడు మీ ముందు పెట్టుచున్నాము.

శరీరంలో కొన్ని గ్రంథులు ఉన్నాయి. అవి చాలా కొద్ది మోతాదులో కొన్ని రసాయనాలను రక్తంలోకి వదులుతాయి. అవి ఉత్తరాల మాదిరి రక్తంలో ప్రయాణం చేసి, దూరంగా ఉన్న అవయవాలకు ఆజ్ఞలు చేరవేస్తాయి. వీటికి హార్మోన్లు అనే పేరు 1905లో ఇంగ్లండులో స్టార్లింగ్ అనే శాస్త్రవేత్త పెట్టినాడు. ఆడవారి అండాశయాల నుండి ముఖ్యంగా ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ అనే రెండు హార్మోన్లు వస్తాయి. ఈస్ట్రోజన్ పని బహిష్టుతో ముగిసేది కాదు. ఎముకల గట్టిదనం, నిద్ర, ఒంటి వేడి, చర్మం, మూత్రమార్గం, లోపలి భాగాల తడి, రక్తనాళాల ఆరోగ్యం, ఇవన్నీ దాని మీద ఆధారపడి ఉన్నాయి.

మన దేశపు ఆడవారిలో బహిష్టు సుమారు 46, 47 ఏండ్లకు సహజంగా నిలుస్తుంది. అప్పుడు అండాశయాలు మెల్లగా పని తగ్గించుకుంటాయి. శరీరానికి అలవాటు పడే వ్యవధి ఉంటుంది. ఆపరేషన్‌తో రెండు అండాశయాలు తీసేస్తే ఆ వ్యవధి ఉండదు. ఆవిర్లు తీవ్రంగా వస్తాయి, ఎముకలు త్వరగా పలుచబడతాయి. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచినా, కొందరిలో అవి మామూలు కంటె కొన్ని ఏండ్లు ముందే ఉడిగిపోతాయి.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే సభలో చెప్పే పని లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లోను, మరలా 2019-21లోను జరిగింది. 15 నుండి 49 ఏండ్ల వయసు ఆడవారిలో గర్భసంచి తీయించుకున్న వారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు చిల్లర. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు తొమ్మిది మంది. రెండు సర్వేలలోను ఇదే తీరు, రెండుసార్లూ దేశంలో ముందు వరుసలో మన రాష్ట్రమే. దేశంలో ఇట్లా ఆపరేషన్ అయిన వారిలో సగం మందికి దాదాపు 35 ఏండ్ల లోపే అయినది. మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవి. సగానికి పైగా కారణం రక్తస్రావం, నొప్పి. అంటే మా ఆపా కథే.

అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను గురించి 2013లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడినది. 2023 ఏప్రిల్ 5న కోర్టు తీర్పు ఇచ్చి, వీటిని అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ తయారు చేసిన మార్గదర్శక సూత్రాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలులోకి తేవాలని ఆదేశించినది.

అన్ని ఆపరేషన్లూ తప్పు అని మేము అనడం లేదు. క్యాన్సర్ వచ్చినప్పుడు, గడ్డలు పెద్దవై వేరే దారి లేనప్పుడు, ఆ ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది. మా మనవి ఒక్కటే. కోతకు ముందు ఉన్న మెట్లు ఎక్కి చూసినామా? తెల్లబట్ట చాలామందిలో ఇన్‌ఫెక్షను వల్ల వస్తుంది, మందులతో పోతుంది. రక్తం జాస్తిగా పోతే ముందు మాత్రలున్నాయి. అవి చాలకపోతే, లూప్ మాదిరి గర్భసంచి లోపల అమర్చే హార్మోను సాధనం ఒకటి ఉన్నది. అది కొన్ని ఏండ్ల పాటు ప్రొజెస్టిరాన్ జాతి హార్మోనును అతి కొద్దిగా లోపలనే వదులుతూ, రక్తస్రావాన్ని చాలావరకు తగ్గిస్తుంది. చాలామందికి ఆపరేషన్ అవసరమే లేకుండా చేస్తుంది. 2012లో దీని పేరు కూడా మాతో ఎవరూ అనలేదు. అడగాలని మాకూ తెలియలేదు.

ఇక పూత మందుల విషయానికి వద్దాము. ఆపాకు డాక్టరమ్మ రెండు రకాలు రాసిచ్చినారు. ఒకటి చేతికి పూసే జెల్. రెండవది లోపల వాడే క్రీము. ఇంటికి తెచ్చినాక మా ఇంట్లో అందరూ చెప్పిన మాట: "ఇంత పెద్ద జబ్బుకు ఈ పూత మందు ఏం చేస్తుంది? సూది వేయించండి." మనలో పూత మందు అంటే అంత లోకువ. తలనొప్పి తైలం మాదిరి, ముఖానికి స్నో మాదిరి అనుకుంటాము. ఈ లోకువ వల్ల రెండు విధాలుగా చెడిపోతున్నాము. కావలసిన వారు వాడరు. అక్కరలేని వారు డాక్టరును అడగకుండానే పూసుకుంటారు.

మాత్ర మింగితే అది కడుపులో కరిగి, మొదట లివరుకు పోతుంది. ఈస్ట్రోజన్ మాత్ర లివరు గుండా పోయేటప్పుడు రక్తం గడ్డకట్టించే పదార్థాలను పెంచుతుంది. అందుచేత కొందరిలో కాళ్ళలో, ఊపిరితిత్తులలో రక్తపు గడ్డలు ఏర్పడే ప్రమాదం ఉన్నది. చర్మం మీద పూసిన జెల్, అతికించే ప్యాచ్ అట్లా కాదు. మందు చర్మంలో నుండి నేరుగా రక్తంలో కలుస్తుంది, లివరును చుట్టి రాదు. ఫ్రాన్సు దేశంలో జరిగిన పరిశీలన ఫలితాలు 2003లోను, 2007లోను వెలువడినాయి. మాత్రలు వాడిన వారిలో రక్తపు గడ్డల ప్రమాదం పెరిగినది, చర్మం ద్వారా ఈస్ట్రోజన్ తీసుకున్న వారిలో అట్లా పెరగలేదు. బరువు ఎక్కువ ఉన్నవారికి, బి.పి., షుగరు ఉన్నవారికి అందుకే డాక్టర్లు తరచుగా మాత్ర కంటె జెల్ మేలు అంటారు.

"హార్మోన్లు వాడితే క్యాన్సర్ వస్తుందంట కదా" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఈ భయానికి ఒక చరిత్ర ఉన్నది. అమెరికాలో 16,608 మంది ఆడవారి మీద జరుగుతున్న పెద్ద పరీక్షను 2002 జూలైలో మధ్యలోనే ఆపేసినారు. మందు తీసుకుంటున్న వారిలో రొమ్ము క్యాన్సరు, గుండెజబ్బు, రక్తపు గడ్డలు కొద్దిగా ఎక్కువగా కనబడినాయి. ప్రపంచమంతా బెదిరిపోయి హార్మోన్లు మానేసినది. తరువాత నిదానంగా చూస్తే సంగతి వేరుగా ఉన్నది. ఆ పరీక్షలోని వారి సగటు వయసు 63 ఏండ్లు. వారికి ఇచ్చినది రెండు హార్మోన్లు కలిపిన మాత్ర. 36 ఏండ్లకు అండాశయాలు పోగొట్టుకున్న మనిషికి ఆ లెక్క అట్లే వర్తించదు. 45 ఏండ్ల లోపు అండాశయాలు పోయిన వారికి, వేరే అడ్డంకి ఏదీ లేకపోతే, సహజంగా బహిష్టు నిలిచే వయసు వరకు, సుమారు 50 ఏండ్ల దాకా, హార్మోను ఇవ్వడమే మంచిదని వైద్యుల సలహా. లేని దానిని భర్తీ చేయడమే అది.

ఇక్కడ ఒక నియమం అందరూ బాగా గుర్తు పెట్టుకోవలసినది. గర్భసంచి ఉన్న ఆడవారికి ఒంటికంతా పనిచేసే ఈస్ట్రోజన్ ఒక్కటే ఇవ్వకూడదు. ఇస్తే గర్భసంచి లోపలి పొర మందమై, కొన్నాళ్ళకు క్యాన్సరుకు దారి తీయవచ్చు. వారికి ప్రొజెస్టిరాన్ కూడా తోడుగా ఇవ్వాలి. చర్మానికి పూసే ప్రొజెస్టిరాన్ క్రీము ఈ కాపలా పనికి చాలదు. మాత్ర రూపంలోనో, ఇందాక చెప్పిన లూప్ వంటి సాధనంతోనో ఇస్తారు. గర్భసంచి తీసేసిన వారికి సాధారణంగా ఈస్ట్రోజన్ ఒక్కటి చాలు. కాబట్టి పొరుగింటి ఆమెకు పనిచేసిన ట్యూబు మన ఇంటి ఆమెకు హాని చేయవచ్చు. ఒకే జెల్, ఇద్దరు ఆడవారు, రెండు లెక్కలు.

రొమ్ము క్యాన్సరు వచ్చిన వారు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు, రక్తపు గడ్డలు, పక్షవాతం, గుండెపోటు, లివరు జబ్బు ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. బహిష్టు నిలిచిపోయిన ఏడాది తరువాత ఒక్క చుక్క రక్తం కనబడినా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి.

రెండవది లోపల వాడే క్రీము. దీని గురించి మాట్లాడడానికి సిగ్గుపడుతూనే, మాట్లాడక తప్పదని మాట్లాడుతున్నాము. ఈస్ట్రోజన్ తగ్గినప్పుడు యోనిమార్గము, మూత్రమార్గము పొడిబారి పలుచనవుతాయి. మంట, దురద, దాంపత్యంలో నొప్పి, మాటిమాటికీ మూత్రపు ఇన్‌ఫెక్షను, ఇవన్నీ దాని ఫలితాలే. దీనికి ఈస్ట్రియాల్ అనే మెత్తని ఈస్ట్రోజన్ క్రీము ఉన్నది. సాధారణంగా మొదటి రెండు మూడు వారాలు రోజూ రాత్రి, తరువాత వారానికి రెండు రాత్రులు వాడమంటారు. అతి కొద్ది మోతాదు, పని చాలావరకు ఆ చోటనే. అందుచేత దీనికి మామూలుగా ప్రొజెస్టిరాన్ తోడు అక్కరలేదు. ఇజ్రాయెల్‌లో బహిష్టు నిలిచిన 93 మంది మీద చేసిన పరీక్ష 1993లో అచ్చయినది. క్రీము వాడిన వారికి మూత్రపు ఇన్‌ఫెక్షను ఏడాదికి సగటున 0.5 సారి వస్తే, ఉత్తి క్రీము వాడిన వారికి 5.9 సార్లు వచ్చినది. మా ఆపా తొమ్మిదేండ్లు మింగిన మాత్రల లెక్క మేము వేయలేదు. వేయాలంటే భయంగా ఉన్నది.

వాడుకలో మన ఇండ్లలో వచ్చే సందేహాలు కొన్ని ఉన్నాయి.

జెల్‌ను భుజం, పై చేయి లేక తొడ మీద శుభ్రమైన పొడి చర్మానికి పలుచగా పూసి ఆరనివ్వాలి. రొమ్ముల మీద పూయకూడదు. పూసిన చోట కనీసం ఒక గంట తడి తగలనీయకూడదు. వజూ చేసేటప్పుడు మోచేతుల దాకా కడుగుతాము కాబట్టి, ఇషా నమాజు అయినాక మోచేతికి పైభాగాన పూసుకుంటే ఏ ఇబ్బందీ లేదు. మా ఆపా అట్లే చేస్తుంది. జెల్‌లో స్పిరిట్ ఉంటుంది. ఆరేదాకా పొయ్యి దగ్గరకు పోకూడదు. అంటుకొనే ప్రమాదం ఉన్నది. పూసినాక చేతులు సబ్బుతో కడగాలి. పూసిన చోటును బట్టతో కప్పుకోవాలి, తడి ఆరని చేతితో పిల్లలను ఎత్తుకోకూడదు. ఈస్ట్రోజన్ స్ప్రే వాడే తల్లుల ఒంటి నుండి అంటి, చిన్న పిల్లలలో వయసుకు ముందే రొమ్ములు పెరిగినట్లు అమెరికా మందుల శాఖ 2010లో హెచ్చరిక చేసినది.

రంజాన్ ఉపవాసంలో వాడవచ్చునా అని అడుగుతారు. చర్మం మీది పూతల వల్ల, ప్యాచ్‌ల వల్ల ఉపవాసం భంగం కాదని జిద్దాలో ఉన్న అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1997లో తీర్మానించినది. లోపల వాడే మందుల విషయంలో మన ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. అది రాత్రి పడుకునే ముందు వాడే మందు కాబట్టి ఇఫ్తారు తరువాత వాడుకుంటే ఏ సందేహానికీ తావు లేదు.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. వయసులో ఉన్న పిల్లలకు బహిష్టు క్రమం తప్పడం, ముఖం మీద వెంట్రుకలు, మొటిమలు, ఒళ్ళు రావడం చూస్తున్నాము. అందులో చాలామందికి పీసీఓఎస్ అనే సమస్య ఉంటుంది. కొందరికి థైరాయిడ్ ఉంటుంది. ఇవీ హార్మోన్ల అసమతుల్యమే కాని, వీటికి ఈ ఈస్ట్రోజన్ జెల్ మందు కాదు. థైరాయిడ్‌కు రక్తపరీక్ష చేసి మాత్ర ఇస్తారు. పీసీఓఎస్‌కు బరువు తగ్గడం, నడక, అవసరమైతే డాక్టరు రాసే మాత్రలు. "హార్మోను క్రీము" అని ఎవరో చెప్పినారని ఆడపిల్ల చేతికి ఇవ్వవద్దు. ముఖం తెల్లబడుతుందని షాపులో అడిగి పూసుకునే ట్యూబులలో స్టెరాయిడ్ ఉంటుంది. అదీ ఒక హార్మోను జాతిదే. చర్మం పలుచబడి, ఎర్రబడి, ఎండ తగిలితే మండిపోతుంది. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం చీటీ లేనిదే ఆ క్రీములు అమ్మకూడదని జాబితాలో చేర్చినది. అయినా మన వీధులలో ఎట్లా దొరుకుతున్నాయో మీకు తెలియనిది కాదు.

చివరగా మగవారితో రెండు మాటలు. మన చిత్తూరుకు ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో వేలూరు ఆసుపత్రి ఉన్నది. మన వాళ్ళు పోని ఇల్లు లేదు. ఆ ఆసుపత్రి ఎట్లా పుట్టినదో ఎందరికి తెలుసు? 1890లలో తిండివనంలో ఐడా స్కడ్డర్ అనే అమెరికా అమ్మాయి తన తండ్రి ఇంట ఉన్నది. తండ్రి డాక్టరు. ఒక్క రాత్రి ముగ్గురు మగవారు ఒకరి తరువాత ఒకరు వచ్చి, ప్రసవం కాక తమ భార్యలు చస్తున్నారు, నువ్వు రమ్మని ఆ అమ్మాయిని బతిమాలినారు. నాకు వైద్యం తెలీదు, మా నాన్న వస్తాడు అన్నది. పరాయి మగవాడు చూడడానికి వీల్లేదు అని ముగ్గురూ తిరిగి పోయినారు. తెల్లవారేసరికి ముగ్గురు ఆడవారూ చనిపోయినారు. ఆ ముగ్గురు భర్తలలో ఒకరు ముసల్మాను. ఆ రాత్రి చూసిన ఐడా అమెరికాకు పోయి డాక్టరు చదివి వచ్చి, 1900లో వేలూరులో వైద్యం మొదలుపెట్టినది, 1918లో ఆడవారికి వైద్య పాఠశాల తెరిచినది.

ఇప్పుడు లేడీ డాక్టర్లు లేరని చెప్పుకునే దారి లేదు. తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నది. ఆడపిల్లల కోసమే 2014లో శ్రీ పద్మావతి మహిళా వైద్య కళాశాల వచ్చినది. చూపించే డాక్టరమ్మ ఉన్నది, మందు ఉన్నది. లేనిది ఇంట్లో మాట. బస్సు చార్జీకి డబ్బు ఇచ్చేవాడు, తోడు పోయేవాడు, కాగితం చదివేవాడు మగవాడే అయినప్పుడు, అతడు సిగ్గుపడి మౌనంగా ఉంటే ఆమెకు దారి ఎక్కడిది? ఆ ముసల్మాను భర్తను తప్పు పట్టే అర్హత మాకు లేదు. అతడు డాక్టరును రానివ్వలేదు. మేము చదవకుండా సంతకం చేసినాము.

కాబట్టి సొసైటీ వారికి మూడు మనవులు.

ఒకటి. మనలో ఇంగ్లీషు చదవగలిగిన యువతీయువకుల పేర్లు సొసైటీ ఆఫీసులో రాసి పెట్టండి. ఎవరింట ఆపరేషన్ అన్నా ఆ కాగితం చదివి, ఏమి తీస్తున్నారు, ఎందుకు తీస్తున్నారు, అండాశయాలు ఉంచుతారా తీస్తారా, వేరే దారి ఉన్నదా అని తెలుగులోనో ఉర్దూలోనో ఇంటివారికి చెప్పేవారు ఒకరు కావాలి. అత్యవసరం కాకపోతే రెండో డాక్టరు అభిప్రాయం తీసుకొనేదాకా సంతకం చేయవద్దు.

రెండు. గర్భసంచి ఆపరేషన్ ఇప్పటికే అయిన అక్కచెల్లెళ్ళు పాత కాగితాలు బయటికి తీయండి. ఆవిర్లు, మంట, నిద్రలేమి ఉంటే నజర్ అని ఊరుకోవద్దు. ఆ కాగితం పట్టుకొని లేడీ డాక్టరును కలవండి. మందు అందరికీ కావాలని కాదు. కావాలో వద్దో తెలుసుకోవడం మాత్రం అందరికీ కావాలి.

మూడు. మగవారు ఆ ట్యూబు కొనడానికి మందుల షాపుకు మీరే పోండి. మొదటిసారి మేము పోయినప్పుడు షాపతను అడగకుండానే నల్ల కవరులో చుట్టి ఇచ్చినాడు. మేమూ తల వంచుకొని తీసుకున్నాము. ఇప్పుడు చీటీ చూపించి, మామూలు మందు మాదిరే సంచిలో వేసుకొని వస్తున్నాము.

ఆపా ఇప్పుడు ఎట్లా ఉన్నది అని మీరు అడుగుతారు. మూడు నెలలలో ఆవిర్లు చాలా తగ్గినాయి, రాత్రి నిద్ర పడుతున్నది. మూత్రపు మంట రావడం అరుదైనది. ఎముకలకు క్యాల్షియం, విటమిన్ డి వాడుతూ రోజూ ఫజర్ తరువాత నడుస్తున్నది. పోయిన తొమ్మిదేండ్లు తిరిగి రావు, విరిగిన చెయ్యి చలికాలంలో ఇంకా నొప్పి చేస్తుంది. ఏడాదికొకసారి డాక్టరమ్మకు చూపించి, మందు ఇంకా ఎన్నాళ్ళు అన్నది ఆమె మాట ప్రకారం నడుచుకుంటున్నాము. పోయిన నెల మా ఇంటికి దగ్గర బంధువుల పెళ్ళిపిలుపు వచ్చింది. ఆపా రెండు రోజుల ముందే పోయి, చివరిదాకా ఉండి వచ్చింది.

 పరదా అవతల నుండి ఎవరికైనా అడగాలని ఉంటే మమ్ములను అడగనక్కరలేదు. మా ఆపా కూడా ఈ రోజు అక్కడే కూర్చుని ఉన్నది. పేరు చెప్పొద్దన్నది కాని, అడిగిన వారికి జవాబు తానే చెప్తానన్నది.